కుడికాలి కిర్రు

నేను ఒక కుడికాలి చెప్పును. జతలో సగాన్ని. నాకు ఎడమవైపు ఒక తోడు ఉంది, దాని సంగతి కూడా చెబుతాను. ముందుగా ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. నాకూ నన్ను తొడుక్కున్న మనిషికీ మధ్య జరిగిన దాంట్లో మొదట కరిచింది నేను కాదు, ఆయన.

మనుషులు ఎదుటివాణ్ణి ముఖం చూసి అంచనా వేస్తారు. అందుకే పాపం అన్నిసార్లు మోసపోతారు. నాకు ముఖాలతో పని లేదు. కింద ఉండేదాన్ని, పాదాలే చూస్తాను. భయపడినవాడి వేళ్ళు ముడుచుకుంటాయి, తొందరపడేవాడి బరువంతా ముందుకు వస్తుంది, అలిగినవాడి మడమ నేలను గట్టిగా తొక్కుతుంది. నోరు ఏం చెప్పినా పాదం నిజమే చెబుతుందని నమ్మేదాన్ని. నా ఖర్మకొద్దీ, అసలు నోరే విప్పని పాదం నాకు దొరికింది.

నంద్యాల వైపు పోయే రోడ్డు పక్కన, కాలువ ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో చెప్పులు కుట్టే ఏసోబు చేతిలో పుట్టాను. రబ్బరు చెప్పులు వచ్చాక ఏసోబుకు తెగిన చెప్పులు కుట్టడమే తప్ప కొత్త జత కుట్టే పని తగ్గిపోయింది. కాబట్టి మా జత కుట్టమని వచ్చి అడిగినప్పుడు ఆయనకు పండగే అయింది. దున్నపోతు తోలు తీసుకున్నాడు, అందులోనూ వీపు మీది దళసరి భాగం. తంగేడు చెక్క వేసిన నీళ్ళలో ఊరి ఊరి అది ఎర్రబడింది. పొర మీద పొర వేసి తోలు వారుతోనే కుట్టాడు. బొటనవేలు దూర్చడానికి ఉంగటం పెట్టాడు, పాదం మీదుగా వెడల్పాటి పట్టా వేశాడు. అడుగున రెండు పొరల మధ్య ఏదో పొడి చల్లాడు. అదేమిటో నాకు తెలుసు గానీ చెప్పను, అది వాళ్ళ ఇంటి రహస్యం. ఆ పొడి వల్లే అడుగు పడినప్పుడల్లా నేను కిర్రుమంటాను. మా జాతిని కిర్రు చెప్పులు అంటారు. ఒకప్పుడు ఊరి పెద్దలు ఈ చప్పుడు కోసమే చెప్పులు కుట్టించుకునేవారట. మనిషి కనబడక ముందే ఆయన వస్తున్నాడని వీధికి తెలియాలన్నమాట. ఆ సరదా వాళ్ళది. నాకు మాత్రం ఆ కిర్రు గొంతు. నాకున్నది ఆ ఒక్క గొంతే.

మమ్మల్ని తొడుక్కోబోయే మనిషి పేరు మద్దిలేటి. చెక్కభజన గురువు. చేతుల్లో గజ్జెల చెక్కలు పట్టుకుని, కాళ్ళకు మువ్వలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ రాముడి పాటలకు అడుగులు వేస్తారే, ఆ అడుగులు నేర్పే మనిషి. ఎండాకాలం రాగానే ఏదో ఒక ఊరివాళ్ళు వచ్చి పిలుస్తారు. వాళ్ళకు నేర్పి, చివర గజ్జెపూజ జరిపించి, ఊరందరి ముందు ఆడించి వస్తాడు. ఆ ఏడు కాలువ అవతలి ఊరివాళ్ళు నేర్చుకుంటున్నారు. వాళ్ళ దళానికి పెద్ద కంబగిరి. గజ్జెపూజనాడు గురువు కిర్రు చెప్పులతో నడిచి రావాలని, పూజకు ముందే చెప్పులు కాలికి అలవాటు పడాలని, ఆయనే మా జత కుట్టించి మద్దిలేటికి ఇచ్చాడు.

మద్దిలేటి పాదాలను చూసి నేను మొదట గర్వపడ్డాననే చెప్పాలి. జీవితమంతా నేలను తొక్కిన పాదాలు అవి. మడమలు కాయకట్టి, అరికాలు దళసరిగా, ఒక రకంగా నా జాతివే. కుడికాలు ఎడమకాలి కంటే కొంచెం పెద్దది, సాయంత్రమయ్యేసరికి ఇంకొంచెం ఉబ్బేది. ఏసోబు కొలత తీసుకున్నది పొద్దున. ఆ తేడా అంతా నా పట్టా కిందే ఇరుక్కుంది.

ఏసోబు చెప్పాల్సిందంతా చెప్పాడు. "దున్నతోలప్పా, మొండిది. పొద్దున కాసేపు తొడుగు, తీసెయ్. యాడ కరిస్తే ఆడ ఆముదం పట్టించు. మండుతానే తీసెయ్యల్ల, ఓర్చుకుంటా నడవాకు" అన్నాడు. మద్దిలేటి తల ఊపాడు. మీరు కూడా కొత్త చెప్పులు కొన్నప్పుడు ఇదే వినుంటారు. చెప్పును దారికి తెచ్చే విద్యంతా ఒక్కదాని మీదే నిలబడి ఉంది. తొడుక్కున్నవాడు అబ్బా అనాలి. అతను అబ్బా అంటే నేను ఎక్కడ తగ్గాలో నాకు తెలుస్తుంది, ఎప్పుడు ఆగాలో అతనికి తెలుస్తుంది.

ఇంటికి వెళ్ళాక ఆముదంలో నన్ను నిండా తడిపారు. తెల్లారి ఆ ఇంటి ఆచారం ఒకటి జరిగింది. కొత్త చెప్పు మనల్ని కరవక ముందే మనం దాన్ని కొరకాలట, అప్పుడు అది జన్మలో కరవదట. మద్దిలేటి నన్ను చేతిలోకి తీసుకుని, పట్టా అంచును పళ్ళతో గట్టిగా కొరికి, నోట్లోకి వచ్చిన ఆముదాన్ని ఊశాడు. ఆయన భార్య సుంకమ్మ పొయ్యి దగ్గర నుంచే ఆ చప్పుడు విని, ఉన్న రెండు పళ్ళూ ఊడితే భజనపాట ఎట్లా పాడతావని ఎగతాళి చేసింది. ఆమెకు కంట్లో పొర వచ్చింది, దగ్గరివి కూడా మసకే. ఇంట్లో పని అంతా చెవితోనూ చేత్తోనూ చక్కబెట్టుకుంటుంది.

ఆయన పళ్ళ గుర్తు ఇప్పటికీ నా మీద ఉంది.

మొదటి రోజు కాలువ గట్టు మీద నడిచాం. నేను కరిచాను. నా తప్పని అనుకోకండి, కొత్త తోలు కరవకపోతే అది తోలే కాదు. ఉంగటం మొదట్లో, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య, మెత్తని చోట పట్టుకున్నాను. ఆయన అబ్బా అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఇంకాస్త గట్టిగా పట్టాను. ఆయన పాట అందుకున్నాడు. చిటికెనవేలి పక్కన పట్టా అంచుతో ఒరిపిడి పెట్టాను. అడుగు తడబడలేదు సరికదా, హుషారుగా కాలు నేలకు తాటించి ఒక సుట్టు తిరిగాడు. నాకు పౌరుషం వచ్చింది. ఇంతమందిని కుంటించిన జాతి మాది, నన్ను లెక్కచేయని పాదం ఏమిటని ఆ సాయంత్రమంతా నా శక్తికొద్దీ కరిచాను. ఎడమది నాకంటే నెమ్మది, దానికి కొలత కూడా సరిపోయింది. అది కిర్రుమనడమే తప్ప పెద్దగా గొడవ చేయలేదు.

అవతలి ఊళ్ళో అందరూ మా చప్పుడు విని లేచి నిలబడ్డారు. చెప్పులు కరవలేదా గురువా అని కంబగిరి అడిగాడు. మద్దిలేటి నన్ను ఊపి చూపించి నవ్వాడు. "కొరికినోణ్ణి కరుస్తాదా? ఇన్నేండ్లు తొక్కిన కాలురా ఇది, దీనికి చెప్పు ఒక లెక్కా" అన్నాడు. అందరూ ఆ పాదం వైపు భక్తిగా చూశారు. ఆ రోజు నుంచి ఆ మాట ఊరంతా పాకింది. గురువు కాలు రాయి అన్నారు. ఆ అడుగుల విద్య వల్లే పాదానికి అంత గట్టిదనం వచ్చిందన్నారు. అందరికంటే ఎక్కువగా నమ్మింది మద్దిలేటే. అక్కడ అడుగులు నేర్పేటప్పుడు కూడా మమ్మల్ని విప్పేవాడు కాదు.

నాకు మాత్రం అప్పటికే పౌరుషం పోయి భయం మొదలైంది. రాయిని నేను ఎరుగుదును. కాయకట్టిన కాలునూ ఎరుగుదును. కాయ కట్టిన చోటు మొద్దుబారుతుంది గానీ వేళ్ళ సందున కాయ కట్టదు. ఆ చోట చర్మం లేచిపోయి, నా తోలు పచ్చి మాంసానికి తగులుతున్నా పైనుంచి ఏ కబురూ రాలేదు. ఒక్క వేలు ముడుచుకోలేదు. లోపల రక్తం వెచ్చగా పారుతోంది, పాదం బతికే ఉంది. నొప్పి ఒక్కటే అందులోంచి వెళ్ళిపోయింది.

ఆయనకు షుగర్ ఉందని రెండేళ్ళ కిందటే ఆసుపత్రిలో చెప్పారు. మాత్రలు ఇచ్చారు, గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. కాళ్ళు దూది మీద పెట్టినట్టు ఉంటున్నాయని ఒకసారి సుంకమ్మతో అన్నాడు. డాక్టరుకు చూపించుకోమని ఆమె పోరింది. చక్కెర తినేది నోరు, దానికీ కాళ్ళకూ ఏం సంబంధమని ఆయన కొట్టిపారేశాడు. వయసు మీద పడింది, అరిగిన కాళ్ళు, అంతే అనుకున్నాడు.

ఒకనాడు కాలువ గట్టు బురదలో నేను ఇరుక్కుపోయాను. ఆయన కాలు నాలోంచి జారి బయటికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరుగుతాడని చూశాను. ఎడమది కిర్రుమంటూ ముందుకు వెళ్తోంది, దాని పక్కన ఉత్త పాదం కంపముళ్ళ మీద పడుతోంది. ఆయన ఏదో దరువు నోటితో వేసుకుంటూ మలుపు దాటిపోయాడు. ఎదురొచ్చిన గొర్రెల కాపరి ఎవరో చూసి, ఒంటి చెప్పుతో యాడికి పోతాండావు పెద్దాయనా అని అడిగేదాకా ఆయనకు తెలియదు. వెనక్కి వచ్చి నన్ను బురదలోంచి లాగి తొడుక్కుంటూ, పాట ధ్యాసలో పడితే ఒళ్ళు తెలియదు చూడు అని తనలో తానే మురిసిపోయాడు. పాదానికి దిగిన ముల్లును కూడా నేనే లోపలికి తొక్కాల్సి వచ్చింది. ఆ రాత్రి పాదం మామూలు కంటే వేడిగా ఉంది.

సుంకమ్మకు మా చప్పుడే గడియారం. వీధి మొదట్లో కిర్రు వినగానే పొయ్యి మీద సంగటి దించేది, గుమ్మం దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టేది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఎడమది సన్నగా అరిచేది, నాది కొంచెం బొంగురు. ఆమె మా గొంతులు విడివిడిగా గుర్తుపట్టేది.

ఇప్పుడు నేను చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. పాదం నుంచి కారిన తడి మెల్లగా నా కుట్లలోంచి దిగింది. పై పొర నానింది, తర్వాత కింది పొర నానింది. ఏసోబు చల్లిన పొడి ముద్దయిపోయింది. నేను అరవబోతే గొంతు పెగల్లేదు. ఎడమది మాత్రం కిర్రుమంటోంది. ఎడమ, తర్వాత ఏమీ లేదు. మళ్ళీ ఎడమ, తర్వాత ఏమీ లేదు.

ఆ సాయంత్రం సుంకమ్మ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్క చెప్పే అరుస్తాంది. రెండోది ఏమైంది?" అని అడిగింది.

"కుడిది దారికొచ్చిందిలే. మెత్తబడింది. ఎడమదే ఇంగా మొండికేస్తాంది" అన్నాడు మద్దిలేటి. ఆ గొంతులో ఎంత సంతోషమో.

ఆమె ఏదో వాసన వస్తోందని అంది. కొత్త తోలు వాసనే అది, ఆముదం పట్టించాం గదా అని ఆయన కాళ్ళ మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించుకుని, తుడుచుకోకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె నన్ను చేత్తో తడిమింది. తడిగా ఉన్నాను, చెంబునీళ్ళ తడి అనుకుంది. మర్నాడు గుమ్మం పక్కన నాకు చీమలు పట్టాయి. ఎడమదానికి ఒక్కటీ పట్టలేదు. మద్దిలేటి నన్ను గోడకు తట్టి చీమలు దులిపి తొడుక్కున్నాడు.

చీమలు చూశాయి, మనుషులు చూడలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

గజ్జెపూజ రోజు వచ్చింది. అవతలి ఊళ్ళో పందిరి వేశారు. కొత్త పంచె కట్టుకుని మద్దిలేటి పందిట్లోకి నడిచి వస్తుంటే జనం ఎడమదాని కిర్రే విని చప్పట్లు కొట్టారు. కుడికాలు వాచి నా పట్టా మీదికి పొర్లుతోంది. ఆయనకు కొద్దిగా జ్వరం కూడా ఉంది. ఎండ దెబ్బ అని మజ్జిగ తాగి వచ్చాడు. పూజలో మొదట గురుదంపతులను పీటల మీద కూర్చోబెట్టి శిష్యులు పాదాలు కడుగుతారు. తర్వాత పసుపు రాసి, పారాణి పెట్టి, గజ్జెలు గురువు పాదాలకు తాకించి తాము కట్టుకుంటారు. ఇన్నాళ్ళూ ఎవరూ చూడనిది ఇవాళ అందరూ చూస్తారని నేను ఎదురుచూస్తున్నాను. చూడాలనీ ఉంది, చూడకూడదనీ ఉంది.

కంబగిరి పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమ చెప్పు తీశాడు, వచ్చేసింది. నన్ను పట్టుకుని లాగాడు. నేను రాలేదు. వదలనని కాదు, వదలడం నా చేతుల్లో లేదు. ఎండిన రక్తం మమ్మల్ని ఒకటిగా అతికించేసింది. గురువు కాలిని చెప్పు కూడా వదలనంటోందని వెనక ఎవరో అన్నారు. పందిరంతా నవ్వింది. మద్దిలేటి కూడా నవ్వి, గట్టిగా లాగరా అన్నాడు.

కంబగిరి గట్టిగా లాగాడు.

నాతోపాటు ఏమేం వచ్చిందో చెప్పను. ముందు వరసలో ఉన్నవాళ్ళ నవ్వు ఆగింది, తర్వాత వెనక వరస ఆగింది, మద్దెల ఆగింది. కంబగిరి నన్ను చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వాసన పందిరి నిండా పరుచుకుంది. అంత జనంలో నవ్వుతున్న ముఖం ఒక్కటే మిగిలింది. మద్దిలేటి అందరి వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఏమైందిరా? ఎందుకట్ల చూస్తాండారు?" అన్నాడు.

పక్క పీట మీద ఉన్న సుంకమ్మ ముందుకు వంగింది. మసక కళ్ళతో ఏమీ ఆనలేదు, చెయ్యి చాపింది. ఆమె వేళ్ళు పాదం మీద పాకుతూ వేళ్ళ సందుకు వచ్చాయి. అక్కడ వేలు లోపలికి దిగిపోయింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"ఏది?" అన్నాడు మద్దిలేటి.

ఆ ఒక్క మాటకు నాలోని తోలంతా బిగుసుకుపోయింది. దున్నపోతుగా ఉన్నప్పుడు కూడా అంత భయం ఎరగను.

ఆయన అప్పటికీ పూజ ఆపొద్దన్నాడు. నొప్పే లేదు, కట్టు కట్టండి, ఒక్క సుట్టు ఆడి వస్తానన్నాడు. కంబగిరి ఆయన్ని ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టి, మమ్మల్నిద్దర్నీ పక్కన పడేశాడు. దారి పొడుగునా ఆయన దిగులు గజ్జెపూజ చెడిపోయిందనే.

పట్నంలో పెద్దాసుపత్రి. డాక్టరు పిన్నుతో పాదం మీద గుచ్చుతూ తెలుస్తోందా అని అడుగుతూ పోయాడు. మద్దిలేటి లేదు, లేదు అంటూ పోయాడు. పిక్క సగానికి వచ్చాక గానీ ఆయన ముఖంలో నవ్వు పోలేదు. విషం ఎముకకు పాకిందన్నారు. కాలు ఉంచితే మనిషి ఉండడన్నారు. మోకాలి కింద తీసేశారు. ఆ తర్వాత నర్సమ్మ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి, మీ సామాన్లు చూసుకోండమ్మా అని సుంకమ్మ చేతిలో పెట్టింది. అందులో మేమిద్దరం ఉన్నాం. లెక్క సరిగ్గా రెండు.

నన్ను పారేస్తారనుకున్నాను. పొయ్యిలో పెట్టినా అడిగే దిక్కు లేదు. సుంకమ్మ నన్ను కడిగి, ఎండబెట్టి, గుమ్మం పక్క గోడకు మేకు కొట్టి తగిలించింది. మద్దిలేటికి తీసేసిన కాలు ఇప్పుడు నొప్పి పుడుతోందట. లేని వేళ్ళ సందున, సరిగ్గా నేను పట్టిన చోటే మంట పెడుతోందని రాత్రిళ్ళు ఆ గాలిని తడుముకుంటాడు. ఉన్నన్నాళ్ళూ నోరు విప్పని కాలు పోయాక మాట్లాడుతోంది. ఇంతకంటే వెటకారం నేను చూడలేదు.

కొంచెం కోలుకున్నాక ఎడమదాన్ని తొడుక్కుని, చంకలో కర్ర పెట్టుకుని, ఆయన మళ్ళీ వీధిలోకి దిగాడు. భజన మందిరంలో కూర్చుని దరువు వేస్తూ నోటితోనే అడుగులు నేర్పుతున్నాడు. ఆయన మొదటిసారి బయటికి వెళ్ళే ముందు సుంకమ్మ ఎడమదాన్ని చెంగులో చుట్టుకుని, గోడలు తడుముకుంటూ ఏసోబు దగ్గరికి వెళ్ళి వచ్చింది. లోపలి అట్ట మీద మెత్తటి గొర్రెతోలు వేయమంది. కాలికి ఎక్కడా ఒరుసుకోకూడదంది. ఏసోబు అంతా చేసి, ఇది కూడా మెత్తబడింది, ఇంక అరవదులే అన్నాడట. ఆమె గట్టిగా తల ఊపిందట.

"అట్ల కాదబ్బా. ఇది అరుస్తానే ఉండల్ల. మళ్ళా ఆ పొడి ఎయ్యి. అది గమ్మునైన పొద్దు నాకు తెలియల్ల."

ఎడమది వచ్చి నాకు ఇది చెప్పినప్పుడు దాని గొంతు వణికింది. నేను ఓదార్చలేదు. నా పక్కన వేలాడదీయడానికి ఆ గోడకు ఇంకా చోటుంది, అది దానికీ తెలుసు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో సాయంత్రాలు ఒకే తీరుగా గడుస్తున్నాయి. వీధి మొదట్లో కర్ర టక్కుమంటుంది, వెంట ఎడమది కిర్రుమంటుంది. సుంకమ్మ ఊపిరి వదిలి సంగటి దించుతుంది. ఆయన మంచం మీద కూర్చోగానే ఎడమపాదాన్ని ఒడిలోకి తీసుకుని, ఒక్కొక్క వేలి సందునా తన వేళ్ళు పెట్టి తడుముతుంది, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. ఆయన వద్దనడం మానేశాడు. గుచ్చినా ఆ కాలికి కూడా తెలియడం లేదని ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకు ఎడమది చెప్పింది.

ఇవాళ సాయంత్రం వాన లేదు. వీధి పొడిగా ఉంది, చెప్పు నీళ్ళకు నానే పని లేదు. సుంకమ్మ పొయ్యి ముందు కూర్చుని కలియబెడుతోంది. వీధి మొదట్లో కర్ర చప్పుడు మొదలైంది. టక్కు. కాసేపాగి మళ్ళీ టక్కు. సుంకమ్మ చెయ్యి ఆగింది. మంట చిటపటలు వినబడకుండా కట్టెలు వెనక్కి లాగి, తల పక్కకు వంచింది. నేను మేకు మీద కదలకుండా వింటున్నాను.

పక్కింటి వాళ్ళ రేడియో ఏదో పాడుతోంది, దానివల్ల వినబడలేదేమో అనుకున్నాను. రేడియో కట్టేశారు. టక్కు, దగ్గరికి వచ్చింది. ఆయన దరువేదో నోటితో వేసుకుంటున్నాడు, హుషారుగానే ఉన్నాడు.

సుంకమ్మ గరిటె కింద పెట్టి లేచింది. చేతులు ముందుకు చాపి గుమ్మం వైపు నడిచింది. కర్ర చప్పుడు మా గడప దాకా వచ్చేసింది. దాని వెంట కిర్రు రాలేదు.